పాంక్రియాటైటిస్‌లో లైపేజ్ ఒక్కటే చూస్తే చాలదు, పీసీవీ కూడా చూడండి

సంపాదకులకు నమస్కారం.

పత్రికల ఆరోగ్య పేజీల్లో పాంక్రియాటైటిస్ (క్లోమగ్రంథి వాపు) గురించి తరచూ వ్యాసాలు వస్తున్నాయి. మద్యం మానేయండి, పిత్తాశయంలో రాళ్లుంటే తీయించుకోండి, పొట్ట పైభాగంలో నొప్పి పుట్టి వీపులోకి పాకితే అమైలేజ్, లైపేజ్ (క్లోమం తయారుచేసే ఎంజైములు) పరీక్షలు చేయించండి అని రాస్తున్నారు. అందులో తప్పేమీ లేదు. అయితే దాదాపు అన్నీ అక్కడే ఆగిపోతున్నాయి. ఈ జబ్బు ముదిరి ఐసీయూలో పడ్డ మనిషికి మొదటి వారంలో ప్రాణం మీదికి తెచ్చేది క్లోమగ్రంథి వాపు ఒక్కటే కాదు. ఒళ్లంతా పరుచుకుని ఉన్న సన్న రక్తనాళాలు పట్టు తప్పుతాయి. ఆ సంగతి జనంలోకి వెళ్లకపోవడం వల్లే ‘సెలైన్ ఎంత ఎక్కితే అంత మంచిది’ అనే నమ్మకం ఇప్పటికీ ఆసుపత్రి వరండాల్లో రాజ్యమేలుతోంది. రోగి బంధువులే కాదు, కొన్ని చిన్న నర్సింగ్ హోముల్లో వైద్యులూ దాన్ని వదల్లేకపోతున్నారు. అందుకే ఈ ఉత్తరం.

ముందు క్లోమం ఎక్కడుందో చూడాలి. జీర్ణాశయం వెనక, వెన్నెముకకు ముందు అడ్డంగా పడుకుని ఉంటుంది. జానెడు కంటే తక్కువ పొడవు, వంద గ్రాములకు అటూ ఇటూగా బరువు. దాని పై అంచు వెంబడే ప్లీహానికి వెళ్లే ధమని మెలికలు తిరుగుతూ పోతుంది. వెనక గోడకు ఆనుకుని ప్లీహ సిర. క్లోమం మెడ వెనక ఆ సిర, పేగుల నుంచి వచ్చే పెద్ద సిర కలిసి కాలేయానికి వెళ్లే పోర్టల్ సిర అవుతాయి. కుడి చివర గ్యాస్ట్రోడుయోడినల్ ధమని, అంటే జీర్ణాశయానికీ చిన్నపేగు మొదటి భాగానికీ రక్తం తీసుకెళ్లేది. ఇన్ని ముఖ్యమైన నాళాలను ఒంటికి చుట్టుకుని ఉన్న గ్రంథి మాంసకృత్తులనూ కొవ్వునూ కరిగించే రసాలు తయారుచేస్తుంది. మామూలు రోజుల్లో ఆ రసాలు నిద్రావస్థలోనే పేగులోకి దిగి, అక్కడికి చేరాకే మేలుకుంటాయి. ట్రిప్సినోజెన్ అనేది పేగులో ట్రిప్సిన్‌గా మారాలి. రాయి అడ్డుపడటం వల్లనో, మద్యం వల్లనో అది గ్రంథి కణంలోనే మేలుకుంటే మిగతా ఎంజైములనూ తట్టి లేపుతుంది. వాటిలో ఎలాస్టేజ్ రక్తనాళాల గోడల్లోని సాగే పీచును కొరుకుతుంది. ఫాస్ఫోలైపేజ్ ఏ2 కణాల పొరలను చీలుస్తుంది, ఊపిరితిత్తుల్లో గాలి తిత్తులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్‌నూ పాడుచేస్తుంది. కల్లిక్రీన్ చేతుల్లో బ్రాడీకైనిన్ తయారవుతుంది. సన్న నాళాలను వెడల్పు చేసి, వాటి గోడల్లోంచి నీరు కారేలా చేయడం దాని పని.

ఒక్క కేశనాళికను దగ్గరగా చూద్దాం. ఎర్ర రక్తకణం వెడల్పు ఏడెనిమిది మైక్రాన్లు. దాదాపు అంతే వెడల్పున్న గొట్టంలోంచి అది ఒరుసుకుంటూ, ఒక్కోసారి మడతపడుతూ వెళుతుంది. ఆ గొట్టం గోడ అంటే ఒకే ఒక్క వరుస కణాలు, దాన్నే ఎండోథీలియం అంటారు. ఆ కణాల లోపలి ముఖం మీద చక్కెరలు, మాంసకృత్తులు కలిసిన నూగులాంటి పూత ఉంటుంది. పేరు గ్లైకోకాలిక్స్. రక్తంలోని ఆల్బుమిన్‌ను బయటికి పోనివ్వకుండా, తెల్లకణాలు గోడకు అంటుకోకుండా చూసేది ప్రధానంగా ఈ పూతే. క్లోమం మండటం (ఇన్‌ఫ్లమేషన్) మొదలై టీఎన్‌ఎఫ్ ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్ 1, 6, 8 వంటి రసాయనాలు రక్తంలో పొంగినప్పుడు మొదట ఊడిపోయేది ఈ నూగే. కింద గోడ బయటపడుతుంది. దాని మీద ఐకామ్ 1 వంటి జిగురు అణువులు మొలుస్తాయి. తెల్లకణాలు వచ్చి అతుక్కుంటాయి. పక్కపక్క కణాల మధ్య అతుకులు సడలుతాయి. ఆంజియోపాయిటిన్ 2 అనే సంకేతం ఈ సడలింపును ఇంకా పెంచుతుంది. నీరు, దాని వెంట ఆల్బుమిన్ బయటికి జారిపోతాయి. ఇది క్లోమం చుట్టుపక్కల మాత్రమే జరిగితే ఇబ్బంది అక్కడికే పరిమితం. తీవ్రమైన కేసుల్లో ఊపిరితిత్తుల్లో, పేగుల గోడల్లో, మూత్రపిండాల్లో ఒకేసారి జరుగుతుంది.

ఇక్కడో విచిత్రం ఉంది, వైద్య విద్యార్థులు కూడా తరచూ తికమకపడేది. ఒళ్లంతా నాళాలు వెడల్పై రక్తపోటు పడిపోతుంటే క్లోమం లోపల నాళాలు మాత్రం బిగుసుకుపోతాయి. ఆరోగ్యంగా ఉన్న ఎండోథీలియం నైట్రిక్ ఆక్సైడ్‌ను కొలిచినట్టు కొంచెం కొంచెంగా వదులుతూ నాళం ఎంత తెరుచుకోవాలో నిర్ణయిస్తుంది. మంట వచ్చినప్పుడు వేరే ఎంజైము పూనుకుని దాన్ని హద్దూపద్దూ లేకుండా తయారుచేస్తుంది. రక్తపోటు దిగజారుతుంది. అదే సమయంలో క్లోమం లోపల ఎండోథీలిన్ 1 అనే గట్టి సంకోచకారి పెరిగి సన్న ధమనులను పిండేస్తుంది. గ్రంథిలోని ఒక్కో చిన్న ముక్కకు వెళ్లే ధమనికి పక్క దారి పెద్దగా ఉండదు. అది మూసుకుంటే ఆ ముక్క ఎండిపోవలసిందే. దానికి తోడు రక్తం చిక్కబడి, గోడ గరుకై, సూక్ష్మమైన గడ్డలు కట్టుకుంటాయి. మామూలు వాపుగా మొదలైంది రెండు మూడు రోజుల్లో నెక్రోసిస్‌గా, అంటే గ్రంథి కణజాలం చచ్చిపోవడంగా మారడానికి పెద్ద కారణం ఇదే. జబ్బు మొదలైన మొదటి రోజే సీటీ స్కాన్ తీయించమని పట్టుబట్టేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి. ఏ భాగానికి రక్తం అందడం లేదో కాంట్రాస్ట్ సీటీలో (రక్తంలోకి రంగు మందు ఎక్కించి తీసే స్కాన్‌లో) సరిగా తేలేది 72 నుంచి 96 గంటల తర్వాతే. నొప్పి ఎందుకో తేలనప్పుడు, వేరే ప్రమాదం అనుమానం ఉన్నప్పుడు ముందే తీయడం వేరే సంగతి.

ఇప్పుడు ల్యాబ్ రిపోర్టు దగ్గరికి వద్దాం. బంధువులు ఫోన్‌లో ఫొటో తీసి పంపేది లైపేజ్ అంకె. ‘రెండు వేలు దాటింది డాక్టర్, ఎంత ప్రమాదం?’ అని అడుగుతారు. జవాబు: ఆ అంకెకూ ప్రమాదానికీ సంబంధం లేదు. లైపేజ్ ఉండాల్సిన గరిష్ఠ విలువకు మూడు రెట్లు దాటితే జబ్బు ఉందని నిర్ధారించుకోవడానికి పనికొస్తుంది. అక్కడితో దాని పని అయిపోతుంది. రోజూ మళ్లీ మళ్లీ చేయించి తగ్గిందా పెరిగిందా అని చూడటం డబ్బు దండగ. నాళాలు ఎంత కారుతున్నాయో చెప్పేది మామూలు సీబీపీ (రక్తకణాల లెక్క) రిపోర్టులోనే ఉంటుంది. దాని పేరు పీసీవీ, కొన్ని చోట్ల హిమాటోక్రిట్ అని వేస్తారు. రక్తంలో కణాల వాటా ఎంత శాతమో అది చెబుతుంది. నీరు నాళాల్లోంచి బయటికి పోతే కణాలు మిగిలిపోతాయి, శాతం పెరుగుతుంది. చేరేటప్పటికే 44 దాటి ఉండి, 24 గంటలైనా దిగకపోతే నెక్రోసిస్ వైపు నడుస్తోందన్న అనుమానం బలపడుతుంది.

ఇందులో మన ప్రాంతానికి వర్తించే మెలిక ఒకటుంది. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎక్కువ. మామూలుగా పీసీవీ 30 ఉండే మనిషికి 39 వచ్చిందంటే రక్తం చిక్కబడినట్టే. కానీ రిపోర్టులో అది ‘నార్మల్’ గడిలోనే కూర్చుంటుంది, ఎర్ర అక్షరాలు రావు. హిమోగ్లోబిన్ 10 నుంచి 13కు పెరిగితే రక్తం పట్టిందని సంతోషించేవాళ్లూ ఉన్నారు. అందుకే పాత రిపోర్టు ఉంటే తప్పకుండా వెంట తీసుకెళ్లాలి. ఆరు నెలల కిందటి సీబీపీ కాగితం కొత్త లైపేజ్ కంటే ఎక్కువ చెబుతుంది.

రెండో అంకె యూరియా. విదేశీ మార్గదర్శకాల్లో బీయూఎన్ (రక్తంలోని యూరియాలో నైట్రోజన్ వాటా) అని ఉంటుంది, మన ల్యాబుల్లో చాలావరకు బ్లడ్ యూరియా అని ఇస్తారు. రెండూ ఒకటి కాదు. బీయూఎన్‌ను 2.14తో గుణిస్తే యూరియా వస్తుంది. తీవ్రతను అంచనా వేసే బైసాప్ స్కోరులో బీయూఎన్ 25 దాటితే ఒక మార్కు. అంటే మన రిపోర్టులో యూరియా 53 దాటాలి. యూరియా 30 చూసి 25 దాటిందని స్కోరు వేసేస్తే లేని ప్రమాదాన్ని నెత్తినెత్తుకున్నట్టే. అయితే అంకె కంటే దాని నడక ముఖ్యం. చేరినప్పుడు 36, మర్నాడు 48 అంటే మూత్రపిండాలకు రక్తం చాలడం లేదని అర్థం. ఆ స్కోరులో మిగిలినవి: మనిషి మగతగా ఉండటం, వయసు 60 దాటడం, ఛాతీ ఎక్స్‌రేలో ఊపిరితిత్తి చుట్టూ నీరు, నాలుగోది ఒంట్లో మంట గుర్తులు. నాడి 90 పైన, శ్వాస నిమిషానికి 20 పైన, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ పైన లేదా 36 కంటే తక్కువ, తెల్లకణాలు 12 వేల పైన లేదా 4 వేల లోపు. ఈ నాలుగింటిలో ఏ రెండున్నా మంట ఉన్నట్టే. ఇవన్నీ ఏ మండల కేంద్రంలోనైనా చూడగలిగినవే.

ఇక సెలైన్ గొడవ. దీన్ని కాస్త విడమరచి చెప్పాలి.

నాళాలు కారిపోతున్నాయి కాబట్టి ద్రవం ఎక్కించాలి, అందులో సందేహం లేదు. ఎంత అన్నదే ప్రశ్న. ఒకప్పుడు గంటకు 250 నుంచి 500 మిల్లీలీటర్ల దాకా ఎక్కించమని పుస్తకాలే చెప్పాయి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో కాలువ గట్టుకు బుంగలు పడితే ఏమవుతుందో రైతులకు తెలుసు. లాకులు మొత్తం ఎత్తి నీళ్లు వదిలితే చివరి పొలం తడవదు, గట్టు కింది వాడ మునుగుతుంది. ఇక్కడా అంతే. కారే నాళాల్లోకి అదుపు లేకుండా పోసిన ద్రవం రక్తంలో నిలవదు. పేగుల గోడల్లోకి, పొట్టలోకి, ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. పైగా ద్రవాన్ని మరీ వేగంగా ఎక్కిస్తే ఆ నూగు పూత ఇంకా ఊడుతుందని భావించడానికి ఆధారాలున్నాయి.

2022లో వెలువడిన ‘వాటర్‌ఫాల్’ అధ్యయనం ఈ లెక్కను తేల్చింది. ఇండియా, ఇటలీ, మెక్సికో, స్పెయిన్‌లలోని 18 కేంద్రాల్లో జరిగింది, అంటే మన దేశపు రోగులూ అందులో ఉన్నారు. ఒక వర్గానికి మొదటి రెండు గంటల్లో కిలో బరువుకు 20 మిల్లీలీటర్లు, ఆ తర్వాత గంటకు కిలోకు 3 మిల్లీలీటర్లు. రెండో వర్గానికి ఒంట్లో నీరు తగ్గిన లక్షణాలుంటేనే కిలోకు 10, లేకుంటే అదీ లేదు. ఆ తర్వాత గంటకు కిలోకు 1.5. రెండు వర్గాలకూ రింగర్ లాక్టేటే (లవణాలు, లాక్టేట్ కలిసిన ద్రవం). 249 మంది ఫలితాలు చూశాక అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. ధారాళంగా ఎక్కించిన వర్గంలో ఒంట్లో నీరు మితిమీరినవారు 20.5 శాతం, మితంగా ఎక్కించిన వర్గంలో 6.3 శాతం. జబ్బు తీవ్రం కావడంలో మాత్రం ఎక్కువ ఎక్కించినందుకు ఒరిగిందేమీ లేదు, 22.1 శాతం, 17.3 శాతం. ఒక్క మాట: చేరేటప్పటికే అవయవాలు దెబ్బతిన్నవాళ్లను ఈ అధ్యయనంలో తీసుకోలేదు. వాళ్లకు ఈ అంకెల్ని గుడ్డిగా వర్తింపజేయకూడదు.

అరవై కిలోల మనిషికి లెక్క వేద్దాం. ధారాళ పద్ధతిలో మొదట 1200, ఆపై గంటకు 180 చొప్పున 22 గంటలు: మొదటి రోజే 5160 మిల్లీలీటర్లు. మిత పద్ధతిలో నీరు తగ్గిన లక్షణాలున్నాయనే అనుకుంటే మొదట 600, ఆపై గంటకు 90: మొత్తం 2580. సరిగ్గా సగం. పంపు లేని వార్డులో దీన్ని చుక్కల్లోకి మార్చుకోవాలి. మామూలు సెట్‌లో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. గంటకు 90 మిల్లీలీటర్లంటే నిమిషానికి 30 చుక్కలు, అంటే రెండు సెకన్లకు ఒక చుక్క. అర లీటరు బాటిల్ అయిదున్నర గంటలు రావాలి. రెండు గంటల్లో ఖాళీ అయిందంటే ఎవరో సెలైన్ గొట్టం మీది వేగం మార్చే రోలర్ తిప్పారు. చాలాసార్లు అది పక్కన కూర్చున్న బంధువే అయి ఉంటాడు, తొందరగా అయిపోతే తొందరగా కోలుకుంటాడని. ఆ చక్రం జోలికి వెళ్లొద్దని చెప్పడం నర్సు పని, కానీ నలభై మంచాలకు ఇద్దరు నర్సులుంటే చెప్పేదెప్పుడు?

కేస్ షీట్‌లో ‘ఐవీ ఫ్లూయిడ్స్’ అని రాసి వదిలేయడం మానాలి. పారాసెటమాల్‌కు మోతాదు రాస్తున్నాం, ద్రవానికీ రాయాలి: ఏ ద్రవం, గంటకు ఎన్ని మిల్లీలీటర్లు, మళ్లీ చూసేది ఎన్ని గంటలకు. నార్మల్ సెలైన్ కంటే రింగర్ లాక్టేట్ మేలని ఇప్పటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎక్కువ సెలైన్ పోస్తే రక్తంలో క్లోరైడ్, ఆమ్లత్వం పెరుగుతాయి. ఒంట్లో కాల్షియం ఇప్పటికే ఎక్కువున్నవారికి మాత్రం రింగర్ లాక్టేట్‌లో కాల్షియం ఉంటుంది కాబట్టి ఆలోచించాలి. స్టార్చ్ ద్రావణాలు వద్దు. ఆరు నుంచి పన్నెండు గంటలకోసారి చూడాల్సినవి: గంటకు కిలోకు అర మిల్లీలీటరు మూత్రం వస్తోందా, అంటే మన అరవై కిలోల మనిషికి గంటకు 30, నాడి 120 లోపు దిగిందా, సగటు రక్తపోటు 65కు పైన నిలిచిందా, పీసీవీ, యూరియా దిగుతున్నాయా. దిగుతుంటే వేగం తగ్గించాలి. ఇంత ద్రవం పోసినా రక్తపోటు నిలబడకపోతే ఇంకో బాటిల్ తగిలించడం కాదు, నార్‌అడ్రినలిన్ మొదలుపెట్టాలి. నాళాలు బిగుతు కోల్పోయినప్పుడు కావలసింది బిగుతే.

మితిమీరిన ద్రవానికి మొదటి లక్షణం ఆయాసం. మంచం మీద వెల్లకిలా పడుకోలేకపోవడం, ఆక్సిజన్ శాతం 94 దాటకపోవడం. రెండోది పొట్ట బిర్రబిగుసుకోవడం. పేగుల గోడలు ఉబ్బి, పొట్టలో నీరు చేరి లోపలి ఒత్తిడి పెరిగితే మూత్రపిండాలకు వెళ్లే రక్తం ఆగిపోతుంది. దాన్ని చేత్తో నొక్కి చెప్పలేం. మూత్రపు గొట్టంలోంచి సంచిలోకి 25 మిల్లీలీటర్లకు మించకుండా సెలైన్ పంపి, మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి వదిలిన చివరి క్షణంలో కొలవాలి. పాదరస మిల్లీమీటర్లలో 12 దాటితే జాగ్రత్త పడాలి, 20 దాటి నిలిచి, కొత్తగా ఒక అవయవం దెబ్బతింటే అత్యవసరం. మూత్రం తగ్గింది కదా అని అప్పుడు ఇంకా ద్రవం పోయడం నిప్పులో నెయ్యి పోయడమే.

కాళ్లలో గడ్డలు కట్టకుండా మంచం పట్టిన పెద్దలకు చిన్న మోతాదు హెపారిన్ ఇవ్వడం రివాజు. దాని గురించి పెద్దగా వివాదం లేదు. అసలు చిక్కు క్లోమం వెనకున్న సిరల్లో గడ్డ కట్టినప్పుడు వస్తుంది. వాచిన గ్రంథి, పేరుకున్న ద్రవం ప్లీహ సిరను నొక్కుతాయి, గోడ మంటకు గురవుతుంది, రక్తం నెమ్మదిస్తుంది, గడ్డ కడుతుంది. నెక్రోసిస్ ఉన్నవారిలో ఇది అరుదేం కాదు. ఆ సమయానికి రోగికి తెలిసే బాధేమీ ఉండకపోవచ్చు. సిర మూసుకుంటే ప్లీహం నుంచి రక్తం జీర్ణాశయం పైభాగపు సిరల మీదుగా దారి వెతుక్కుంటుంది, అవి ఉబ్బుతాయి. నెలల తర్వాత, కొందరిలో ఏళ్ల తర్వాత, రక్తపు వాంతి. అప్పుడు కొత్త ఆసుపత్రికి వెళితే కాలేయం చెడిందనుకుంటారు, తీరా పరీక్షలన్నీ బాగుంటాయి. పాత సీటీ రిపోర్టులో ‘స్ప్లెనిక్ వీన్ థ్రాంబోసిస్’ అన్న ఒక్క పంక్తి ఉంటే అయోమయం తప్పేది. పలుచన చేసే మందు అందరికీ ఇవ్వరు. ప్లీహ సిర ఒక్కటే మూసుకుంటే చాలాసార్లు కనిపెట్టుకుని ఉంటారు. గడ్డ పోర్టల్ సిరలోకో, పేగుల సిరలోకో పాకితే పేగుకే ముప్పు కాబట్టి మొగ్గు మందు వైపు ఉంటుంది. మొదలుపెట్టే ముందు పక్కన ధమని గోడ ఉబ్బి లేదని సీటీలో చూసుకోవడం మంచిది, ఎందుకంటే—

ఎందుకంటే ఈ జబ్బులో అతి భయంకరమైన రక్తస్రావం అక్కడి నుంచే వస్తుంది. ముందు చెప్పుకున్న ఎలాస్టేజ్, పక్కనే నిలవున్న రసం వారాల తరబడి ధమని గోడను నానబెడతాయి. గోడ ఒక చోట పలుచనై, తూటు పడి, చుట్టూ ఉన్న కణజాలమే గోడగా ఒక రక్తపు బుడగ తయారవుతుంది. సూడోఎన్యూరిజం అంటారు. ఎక్కువగా ప్లీహ ధమనికి, తర్వాత గ్యాస్ట్రోడుయోడినల్ ధమనికి. జబ్బు మొదలైన వారాలకో, నెలలకో, ఇంటికి వెళ్లి అన్నం తింటున్న మనిషిలో ఇది పగలవచ్చు. చాలామందిలో పెద్ద రక్తస్రావానికి ముందు ఒక చిన్నది వస్తుంది: ఒక్కసారి నల్లటి తారులాంటి విరేచనం, లేదా కొద్దిపాటి రక్తపు వాంతి, దానంతటదే ఆగిపోవడం, హిమోగ్లోబిన్ రెండు గ్రాములు పడిపోవడం. ఆగిపోయింది కదా అని ఇంట్లో కూర్చునేది అప్పుడే. ఎండోస్కోపీలో ఏమీ కనపడకపోయినా నమ్మకూడదు. రక్తం క్లోమ నాళం గుండా పేగులోకి అప్పుడప్పుడూ చుక్కలుగా దిగుతుంది, గొట్టం దింపిన సమయానికి ఆగి ఉండవచ్చు. కావలసింది ధమని దశతో కూడిన సీటీ యాంజియోగ్రామ్. మామూలు కాంట్రాస్ట్ సీటీలో సిరల దశ ఒక్కటే తీస్తే బుడగ తప్పించుకోగలదు. చీటీ మీద ‘ఆర్టీరియల్ ఫేజ్’ అని రాయడం మరవకూడదు.

చికిత్స తొడ దగ్గర ధమనిలోంచి సన్న గొట్టం పంపి లోహపు చుట్టలతో మూసేయడం. ఇందులో జరిగే తప్పు ఒకటుంది. ప్లీహ ధమనిలో బుడగకు ముందు వైపు మాత్రమే మూస్తే జీర్ణాశయపు చిన్న ధమనుల మీదుగా రక్తం వెనక నుంచి వచ్చి బుడగను మళ్లీ నింపుతుంది. ముందు వాకిలి, పెరటి వాకిలి రెండూ మూయాలి. గ్యాస్ట్రోడుయోడినల్ ధమనికీ అంతే.

క్లోమం పక్కన నీటి సంచి ఏర్పడి, దాన్ని ఎండోస్కోపీ ద్వారా జీర్ణాశయంలోకి తెరిచి లోహపు స్టెంట్ పెట్టించుకున్నవారికి ఇంకో హెచ్చరిక. సంచి కుంచించుకుపోయాక స్టెంట్ లోపలి అంచు నేరుగా వెనకున్న ధమనిని ఒరుసుకుంటుంది. అందుకే మూడు నాలుగు వారాల్లో సీటీ తీసి, సంచి తగ్గితే స్టెంట్ తీసేస్తారు. నొప్పి పోయింది, జ్వరం లేదు, ఇక ఎందుకులే అని మళ్లీ రానివాళ్లు ఉంటారు. సంచిని తెరిచే ముందు కూడా అందులో రక్తపు బుడగ లేదని చూసుకుని తీరాలి.

నాళాల దెబ్బ బయటికి కనిపించే చోట్లు మూడున్నాయి. బొడ్డు చుట్టూ నీలం మచ్చ, నడుము పక్కల నీలం మచ్చ: లోపల చిందిన రక్తం, రసం పొరల వెంట చర్మం కిందికి చేరడం. ఇవి ఇతర జబ్బుల్లోనూ వస్తాయి, రాకపోయినంత మాత్రాన ధైర్యంగా ఉండాల్సిన పనీ లేదు. మూడోది కన్ను. రెటీనాలోని సన్న ధమనులు మూసుకుని కొందరికి చూపు హఠాత్తుగా మసకబారుతుంది. ఐసీయూలో ‘సరిగ్గా కనిపించడం లేదు’ అన్నవాళ్లను మందుల మత్తు అని కొట్టిపారేయకుండా కంటి వైద్యుణ్ని పిలిపించాలి.

ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని కొవ్వు) వెయ్యి దాటి వచ్చే పాంక్రియాటైటిస్ రకం మన దగ్గర అదుపు లేని చక్కెర జబ్బు ఉన్నవారిలో కనిపిస్తుంది. రక్తం తీసిన ట్యూబులో పైన పాలలాంటి పొర తేలుతుంది. ఆ కొవ్వు విడిపోయి వచ్చే ఆమ్లాలు ఎండోథీలియానికి నేరుగా విషం. ఆ పాల పొర వల్ల అమైలేజ్ అబద్ధంగా మామూలుగానూ, సోడియం అబద్ధంగా తక్కువగానూ రావచ్చు. ఇన్సులిన్‌తో ట్రైగ్లిజరైడ్లను 500 కిందికి దించడం అక్కడ మొదటి పని.

బంధువులు అడిగే ప్రశ్న ఇంకొకటుంది: నాళాలను కాపాడే ఇంజెక్షన్ ఏదైనా ఉందా అని. కొన్ని ఖరీదైన ప్రోటియేజ్ నిరోధకాలు (మాంసకృత్తులను కరిగించే ఎంజైములను అడ్డుకునే మందులు) మన దేశంలో వాడకంలో ఉన్నాయి. ఎండోథీలియాన్ని బాగుచేసి ప్రాణం నిలబెడుతుందని గట్టి రుజువున్న మందు మాత్రం ఇప్పటికి లేదు. ఇంట్లో నగలు తాకట్టు పెట్టి ఆ ఇంజెక్షన్ల కోర్సు తెప్పించే ముందు వైద్యుణ్ని నేరుగా అడగండి. ముందుజాగ్రత్త పేరుతో యాంటీబయాటిక్స్ కూడా అంతే, ఇన్ఫెక్షన్ గుర్తులు లేనిదే ఉపయోగం లేదు. నిజంగా పనిచేసేది చవకైనది: తిండి. పేగు గోడకూ రక్తం తగ్గి ఉంటుంది. ఖాళీగా ఉంచితే దాని పొర ఇంకా చెడి, బ్యాక్టీరియా చచ్చిన క్లోమం మీదికి దాటుతుంది. స్వల్ప జబ్బులో వాంతులు లేకుంటే 24 గంటల్లోపే మెత్తటి, నూనె తక్కువ తిండి పెట్టవచ్చు. ఇడ్లీ, మెత్తగా ఉడికిన పెసరపప్పు అన్నం చాలు. తినలేని తీవ్ర రోగికి ముక్కు గొట్టం ద్వారా. నొప్పి పూర్తిగా పోయేదాకా, లైపేజ్ మామూలయ్యేదాకా కడుపు మాడ్చడం పాతకాలపు పద్ధతి.

సంపాదకులకు మా విన్నపం చిన్నది. మీ ఆరోగ్య పేజీలో ఈసారి పాంక్రియాటైటిస్ వ్యాసం వేసేటప్పుడు బొమ్మలో పసుపు రంగు క్లోమాన్ని ఒంటరిగా గీయించకండి. పై అంచు మీద ఎర్రగా ప్లీహ ధమనిని, వెనక నీలంగా ప్లీహ సిరను కూడా గీయించండి. పక్కన గడిలో నల్లటి విరేచనం, ఆయాసం, బిగిసిన పొట్ట, తగ్గిన మూత్రం అని నాలుగు మాటలు వేయించండి.

ఇట్లు,
జీర్ణకోశ వ్యాధుల విభాగంలో పనిచేస్తున్న ఇద్దరు వైద్యులు,
గుంటూరు